భయం కలిగినప్పుడే పిలవండి

అస్సలాము అలైకుమ్. పెద్దలకి, ఆపాలకి, భాయిలకి అందరికీ సలామ్. నన్ను మెహర్ గురించి, అంటే నిఖాలో పెళ్లికొడుకు ఇవ్వాల్సిన సొమ్ము గురించి మాట్లాడమన్నారు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఖురాన్‌లో నిసా సూరా (అధ్యాయం) 4వ ఆయత్ (వాక్యం) చూడండి, మెహర్ పెళ్లికూతురి హక్కు, ఇవ్వాల్సింది ఆమెకే, వాళ్ల నాన్నకి కాదు. అంతే.

నా మనసులో ఉన్నది అదే సూరా 35వ ఆయత్. మొగుడూపెళ్లాలు విడిపోతారేమోనని భయం కలిగితే ఆయన వైపు నుంచి ఒకర్ని, ఆమె వైపు నుంచి ఒకర్ని పెట్టమంది. భయం కలిగితే అంది, వినండి, విడిపోయాక అనలేదు. మరి మనం కౌన్సెలింగ్‌కి ఎప్పుడొస్తున్నాం? తలాక్ అనేశాక, నంబర్లు బ్లాక్ చేసుకున్నాక.

నేనూ ఒకసారి మా ఖాలా కూతురి వైపున వెళ్లాను. పేరుకి మధ్యవర్తిని, చేసింది వకీలు పని. అబ్బాయి తప్పులన్నీ కాగితం మీద రాసుకెళ్లా, అవతల వాళ్ల మామూ కూడా ఒక కాగితం తెచ్చాడు, మూడు గంటలు అరుచుకున్నాం. పిల్ల పక్కగదిలోనే ఉంది, నీకేం కావాలమ్మా అని ఒక్కరం అడగలేదు. రెండేళ్ల తర్వాత చెప్పింది, ఆపా, వేరు కాపురం పెడదామని ఆయనకి చెప్తారేమో అనుకున్నా, అంతే అని. అప్పటికి ఇద్దత్, అంటే తలాక్ తర్వాత ఆగాల్సిన గడువు, ఎప్పుడో అయిపోయింది.

ఆ ఆయత్‌లోనే ఉంది, ఇద్దరూ సర్దుబాటు కోరుకుంటే అల్లాహ్ కలుపుతాడని. ఆ ఇద్దరూ అంటే మధ్యవర్తులేనని చాలామంది ముఫస్సిర్లు, అంటే ఖురాన్ వ్యాఖ్యాతలు చెప్పారు. నేను కోరుకోలేదు. గెలవాలనుకున్నాను.

అలాగని బలవంతంగా కలపమనట్లేదు. బానిసత్వం నుంచి విడుదలయ్యాక భర్తని వదిలేసిన బరీరా (రజి) సంగతి బుఖారీ హదీసుల్లో ఉంది కదా, భర్త ముగీస్ ఏడుస్తూ వెనకాలే తిరుగుతుంటే, మళ్లీ అతని దగ్గరికి వెళ్లొచ్చుగా అన్నారు ప్రవక్త (స). ఇది ఆజ్ఞా అని అడిగిందామె. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు అక్కర్లేదంది, ఆయన ఒప్పుకున్నారు. ప్రవక్తే ఆజ్ఞ వేయనిచోట మనం ఎవరం? దెబ్బలు తిని వచ్చిన పిల్లకి సబర్ చెయ్యమ్మా, ఓర్చుకో అని చెప్పి వెనక్కి పంపకండి, దయచేసి పంపకండి.

ఇంకోటి. తలాక్ సూరా మొదటి ఆయత్, ఇద్దత్‌లో ఆమెని ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దంది, ఆ గడువు మామూలుగా మూడు నెలసరులు, మనసు మారడానికి దారి. మనమేమో అదే రాత్రి పెట్టె సర్దించేస్తాం. అమ్మలూ, మీకే చెప్తున్నా.

టైం అయిందంటున్నారు. మీ ఇంట్లో మాటల్లేని జంట ఎవరో మీకు తెలుసు, ఇవాళే ఆమెని విడిగా, అతన్ని విడిగా అడగండి, కాగితం పట్టుకెళ్లకండి. ఖులా గురించి, అంటే భార్య తనే కోరి తీసుకునే విడాకుల గురించి అడగాలనుకునే ఆడవాళ్లు ఉండండి, పక్కగదిలో కూర్చుంటాను.