పని వచ్చినవాళ్లందరికీ నేర్పడం రాదు

(జాతీయ భద్రతా వారోత్సవం సందర్భంగా విశాఖపట్నం, గాజువాకలో పరిశ్రమల సూపర్‌వైజర్లు, సీనియర్ ఫిట్టర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న ఫోర్‌మన్లకు, సూపర్‌వైజర్లకు, రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చిన మేస్త్రీలకు నమస్కారం. పేరుపేరునా చెబితే ఉన్న సమయం అందుకే సరిపోతుంది. మన్నించండి.

1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. అందుకే ఏటా ఈ తేదీన మొదలుపెట్టి వారం రోజులు పోర్టు నుంచి పరవాడ దాకా, షిప్‌యార్డు నుంచి అచ్యుతాపురం దాకా బ్యానర్లు కడతాం, ప్రతిజ్ఞ చేయిస్తాం. మంచిదే. అయితే హెల్మెట్ పెట్టుకోమని చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు గనుక, ఈ రోజు మరో సంగతి మాట్లాడతాను. కొత్తగా గేటు లోపలికి వచ్చిన మనిషికి పని ఎవరు నేర్పుతున్నారు? ఆ నేర్పేవాడికి నేర్పడం ఎవరు నేర్పారు?

మన దగ్గర పద్ధతి ఏమిటంటే, బాగా పని చేసే ఫిట్టరును పిలిచి ‘ఈ కుర్రాళ్లకు నేర్పవయ్యా’ అంటాం. అతని పనితనంలో లోటు ఉండదు. చిక్కంతా ఆ పనితనంతోనే. ఇరవై ఏళ్లు చేసిన పని చేతికి వెళ్లిపోతుంది, నోటికి రాదు. రెండు పైపుల చివర్లను బోల్టులతో కలిపే చక్రం ఉంటుందే, ఫ్లాంజ్, దాని ముఖం మీద బొటనవేలు ఒకసారి తిప్పి గీత ఉందో లేదో చూసుకుంటాడు. తను అలా చూస్తున్నట్టు అతనికే తెలియదు, కాబట్టి చెప్పడు. కుర్రాడికి ఆ వేలు కనపడదు. వారం తర్వాత ఆ జాయింటే కారుతుంది.

అందుకని నేర్పే ముందు ఒక కాగితం తీసుకోండి. మూడు నిలువు గడులు గీయండి: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు. ఎనిమిది బోల్టుల ఫ్లాంజ్ బిగించడమే తీసుకుందాం. మొదటి అడుగు: ముఖాలు తుడవడం. జాగ్రత్త: ముఖాల మధ్య కారకుండా వేసే గాస్కెట్ పాతది ముక్క కూడా మిగలకూడదు, కొత్త గాస్కెట్టే వెయ్యాలి. ఎందుకు: ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్లీ పూర్తిగా లేవదు. రెండో అడుగు: బోల్టు మరలకూ, నట్టు ఆనే ముఖానికీ గ్రీజు రాసి చేత్తో బిగించడం. ఇక్కడ ‘ఎందుకు’ చెప్పకపోతే కుర్రాడు గ్రీజు రాయడు. ఎంత బలంతో తిప్పుతున్నామో అంకెలో చూపించే టార్క్ పానా మీద మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి జాయింటును పట్టి ఉంచేది మిగిలిన పది శాతమే. మర ఎండిపోయి రాపిడి కొంచెం పెరిగినా ఆ పది శాతానికే గండి పడుతుంది. పానా మీద అంకె అదే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు.

మూడో అడుగు: ఎదురెదురు బోల్టులను బిగించడం. గడియారం తిరిగే వైపుగా బోల్టులకు 1 నుంచి 8 దాకా చాక్‌పీసుతో అంకెలు వేసి, 1, 5, 3, 7, ఆపైన 2, 6, 4, 8. చివరి టార్క్, అంటే తిప్పే బలం, 300 న్యూటన్ మీటర్లనుకుంటే మొదటి విడత 90, రెండో విడత 210, మూడో విడత 300. ఒక పక్కే పూర్తిగా బిగిస్తే ఆ పక్క గాస్కెట్ నలుగుతుంది, ఎదుటి పక్క నోరు తెరుచుకుంటుంది. నాలుగో అడుగు: 300 మీదే వరసగా చుట్టూ తిరగడం, ఏ నట్టూ కదలకుండా ఆగేదాకా. ఎందుకంటే పక్క బోల్టు బిగించినప్పుడల్లా ముందు బిగించింది కాస్త వదులవుతుంది.

ఇంతే, నాలుగు అడుగులు. ఒక్క పూటలో ఐదు అడుగులకు మించి పెట్టకండి. పని పెద్దదైతే విరిచి రెండు రోజులు చెయ్యండి.

ఇక చూపించడం. ఫిషింగ్ హార్బర్‌లో వల బాగుచేయడం నేర్చుకునే కుర్రాడు పెద్దాయన పక్కన కూర్చుంటాడు, ఎదురుగా కాదు. మీరూ అంతే. ఎదురుగా నిలబడి చూపిస్తే అతనికి కుడి ఎడమై కనిపిస్తుంది. మూడుసార్లు చూపించండి. మొదటిసారి అడుగులు మాత్రమే చెబుతూ, రెండోసారి జాగ్రత్తలు కలిపి, మూడోసారి కారణాలు కలిపి. మొదటిసారే అన్నీ గుమ్మరిస్తే ఏదీ నిలవదు. తర్వాత పానా అతని చేతికివ్వండి. తప్పు చేస్తే అక్కడికక్కడే ఆపండి, తప్పు చేతికి అలవాటు కాకముందే. రెండోసారి చేస్తూ అతనే అడుగులు చెప్పాలి, మూడోసారి జాగ్రత్తలు, నాలుగోసారి కారణాలు. అతని నోటి నుంచి ‘ఎందుకు’ వచ్చాకే ఒంటరిగా వదలండి.

ఇది నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు వేలకు వేలు వచ్చిపడితే, 1940లో అమెరికా ప్రభుత్వం పెట్టిన శిక్షణ విభాగం పద్ధతి ఇది. సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, వెంట ఉండి చూడటం. రెండేసి గంటల చొప్పున ఐదు పూటలు, పది గంటల్లో ఫోర్‌మన్లకు దీన్ని నేర్పేవారు. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నట్టేనని వాళ్ల జేబు కార్డు మీద ఉండేది. ఎనభై ఏళ్లు దాటింది. మన సూపర్‌వైజర్లకు ఆ పది గంటలు ఇప్పటికీ ఎందుకు దొరకడం లేదు?

యాభై ఏళ్ల మనిషికి నేర్పేటప్పుడు ఇంకో చిక్కు. డిప్లొమా చదివి నిన్న చేరిన ఇంజనీరు పెద్ద ఫిట్టరును ‘నువ్వు’ అన్నాడంటే ఆ రోజు శిక్షణ అక్కడితో ముగిసినట్టే. ‘మేస్త్రీ గారూ’ అనండి. నోటికి ఖర్చేమీ లేదు. సుత్తి దెబ్బతో బిగించే అలవాటున్న మనిషికి ‘మీది తప్పు’ అని చెప్పకండి. ఆయన పద్ధతిలో ఒక ఫ్లాంజ్ బిగించమనండి. సందు కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజ్ ఆయన చేతికే ఇచ్చి నాలుగు వైపులా సందు కొలవమనండి. తేడా ఆయన కళ్లే చూస్తాయి. పెద్దవాళ్లకు కొత్త విషయం ఎక్కించడం కష్టం కాదు, పాతది దింపడమే కష్టం. అది వాదనతో దిగదు.

ఇప్పుడు రిజిస్టరు సంగతి. దీని గురించి మాట్లాడకుండా నేను దిగను. అరవై మందిని ఒక షెడ్డులో కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడ్లు గంటసేపు తిప్పి, చివర్లో రిజిస్టరు పంపుతారు. అరవై సంతకాలు. వాళ్లలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వేలిముద్ర వేసినవాళ్లు కూడా ఆ స్లైడు చదివినట్టే లెక్క. రేపు ట్యాంకులో ప్రాణం పోతే ‘శిక్షణ ఇచ్చాం, ఇదిగో సంతకం’ అని ఆ కాగితం చూపిస్తారు. అయ్యా, ఆ కాగితం ఎవరిని కాపాడటానికి? 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు శిక్షణ పొందడం కార్మికుడి హక్కని రాశారు. హక్కుగా రావాల్సింది కంపెనీకి రసీదుగా మారిపోయింది.

వెనక వరసలో ఉన్న సూపర్‌వైజర్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ‘అర్థమైందా?’ అని అడిగితే ఎవరైనా ‘కాలేదు’ అన్నారా ఎప్పుడైనా? ఆ ప్రశ్నే మానెయ్యండి. ట్యాంకులోకి దిగే ముందు గాలి పరీక్ష నేర్పారనుకోండి. మీటరు అతని చేతికిచ్చి ‘ఎక్కడెక్కడ పెడతావు?’ అనండి. పైన, మధ్యన, అడుగున అని పెట్టి చూపించాలి. ‘అడుగున ఎందుకు?’ అంటే, గాలికన్నా బరువైన వాయువులు కిందికి దిగుతాయని చెప్పాలి. ‘ఆక్సిజన్ 19 శాతం చూపిస్తే?’ అంటే, 19.5కు తగ్గితే దిగనని చెప్పాలి. అడిగాక ఐదు సెకన్లు నోరు కట్టుకోండి. జవాబు మీరే అందించేస్తే అతనికి వచ్చో రాదో మీకెప్పటికీ తెలియదు. ఒడియా మాట్లాడేవాళ్లుంటే వాళ్లలో పని వచ్చిన ఒకరిని ముందుగా తయారుచేసి పక్కన పెట్టుకోండి. రిజిస్టరు ఉంచండి, కాదనను. సంతకం పక్కన మాత్రం ఇంకో గడి గీయండి: ఏ పని చేసి చూపించాడు, ఎవరు చూశారు.

నేర్పిన మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి వెళ్లి చూడండి. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీద తానే ప్రయోగం చేసి తేల్చాడు. మళ్లీ చేయిస్తే నిలుస్తుంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లకు క్లాసు పెట్టకండి, అది వాళ్లకు శిక్షే.

యాజమాన్యాల తరఫున వచ్చినవాళ్లకు ఒక్క విన్నపం. నేర్పే మేస్త్రీకి ఆ పూట ఉత్పత్తి లక్ష్యం తగ్గించండి. ఒక చేత్తో టన్నులు లెక్క చెప్పమంటూ, ఇంకో చేత్తో మనుషుల్ని తయారుచెయ్యమంటే ఆయన టన్నుల వైపే పోతాడు. అది ఆయన తప్పు కాదు. ఒక్కో మేస్త్రీ దగ్గర ఆరుగురికి మించి పెట్టకండి.

బయట వరండాలో మూడు బల్లల మీద ఎనిమిది బోల్టుల ఫ్లాంజ్‌లు, టార్క్ పానాలు, ఫీలర్ గేజ్‌లు ఉన్నాయి. టీ తాగి బల్లకు ఆరుగురు చొప్పున రండి. సూపర్‌వైజర్లు నేర్పాలి, మేస్త్రీలు కొత్తవాళ్లలా నేర్చుకోవాలి. సగం అయ్యాక మారండి. చాక్‌పీసులు మొదటి బల్ల మీద ఉన్నాయి.