ఓస్లో ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి: నాలుగు నిమిషాల కోసం రెట్టింపు డబ్బులా?

నమస్తే అండి. నార్వే రాజధాని ఓస్లోలో ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీకి వెళ్లే రెండు రకాల రైళ్లలో ఏది ఎక్కాలో ఈ వీడియోలో చెప్తాను. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. ఈ వీడియోలో నేను లాక్కెళ్తున్న క్యాబిన్ ట్రాలీని ఒక లగేజీ కంపెనీ ఉచితంగా పంపింది, లింకు కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. రైలు టికెట్లు మాత్రం నా డబ్బులతోనే కొన్నాను. రేట్లు, టైమింగులు మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి అవి మళ్లీ చదవను.

ఓస్లో ఎయిర్‌పోర్ట్ గార్డర్‌మోయెన్‌లో ఉంది. సిటీకి దాదాపు 50 కిలోమీటర్లు. ట్యాక్సీ ఆలోచన పెట్టుకోకండి, నార్వేలో ఆ బిల్లు చాలా భారీగా ఉంటుంది. రైల్వే స్టేషన్ టెర్మినల్‌లోనే ఉంది. బయటకు వెళ్లి చలిలో నిలబడే పనే లేదు. మన శంషాబాద్‌లో దిగి పుష్పక్ బస్సు కోసమో, క్యాబ్ కోసమో ఎదురుచూడటం అలవాటైన నాకు ఈ ఒక్క సౌకర్యమే ఎంతో నచ్చింది.

ఇక అసలు సంగతి. ఇక్కడ రెండు రకాల రైళ్లు ఉన్నాయి. ఒకటి ఎయిర్‌పోర్ట్ ప్రయాణికుల కోసమే నడిచే ఫ్లైటోగెట్. రెండోది నార్వే ప్రభుత్వ రైలు సంస్థ ‘వీ’ (Vy) నడిపే మామూలు ప్రాంతీయ రైలు. ఫ్లైటోగెట్ మధ్యలో ఆగకుండా వెళ్తే ఓస్లో ఎస్, అంటే సెంట్రల్ స్టేషన్‌కి 19 నిమిషాలు. మామూలు రైలుకి 23. టికెట్ మాత్రం ఫ్లైటోగెట్‌ది దాదాపు రెట్టింపు! నేను చూసిన చాలా వీడియోల్లో ఫ్లైటోగెట్ ఒక్కటే చూపించి వదిలేశారు. నాకు చిరాకు తెప్పించింది అదే. నలుగురు ఉన్న కుటుంబమైతే ఆ తేడా డబ్బులతో ఓస్లోలో ఒక పూట భోజనం గడుస్తుంది.

పైగా రెండూ నడిచేది ఒకే లైను మీద. ఎయిర్‌పోర్ట్ 1998 అక్టోబర్ 8న మొదలైంది కానీ, ఈ దారిలో ఉన్న రొమెరిక్స్‌పోర్టెన్ సొరంగం మాత్రం 1999 ఆగస్టు దాకా సిద్ధం కాలేదు. దాని పొడవు సుమారు 14.6 కిలోమీటర్లు. తవ్వుతుంటే పైన అడవిలో ఉన్న చెరువుల నీళ్లు కిందికి దిగిపోయాయి. ఆ లీకులు ఆపడానికి వాడిన రసాయనంలో విషపదార్థం ఉందని తేలి, దేశమంతా పెద్ద గొడవైంది. ఇంత కష్టపడి కట్టిన సొరంగంలోంచి చవక రైలు కూడా వెళ్తుంది. అందుకే ఆ నాలుగు నిమిషాల కోసం అంత డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

ఫ్లైటోగెట్ బాగుండదని కాదు. శుభ్రంగా ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి చోటు ఎక్కువ, పది నిమిషాలకి ఒకటి వస్తుంది. మామూలు రైలు గంటకి మూడు నాలుగే. కానీ ఆ మామూలు రైలుకి ఓస్లో సిటీ రవాణా సంస్థ రూటర్ (Ruter) యాప్‌లో టికెట్ తీసుకుంటే ఒక గొప్ప లాభం ఉంది, నేను ఈ వీడియో తీసిందే దాని కోసం. రూటర్ టికెట్ లెక్కలో ఎయిర్‌పోర్ట్ 4ఎన్ జోన్, సిటీ 1వ జోన్. ఆ జోన్లకి తీసుకున్న టికెట్ గడువు లోపల సిటీలో ట్రామ్, బస్సు, మెట్రో అన్నీ ఎక్కొచ్చు. హోటల్ దగ్గర దిగేదాకా ఇంకో టికెట్ అక్కర్లేదు. ఫ్లైటోగెట్ టికెట్‌తో ఆ వీలు లేదు, దిగాక మళ్లీ కొనుక్కోవాలి. ఒక్క జాగ్రత్త: ఎక్కకముందే టికెట్ కొనండి. స్టేషన్లో గేట్లు లేవని అలాగే ఎక్కేస్తే, తనిఖీకి వచ్చినప్పుడు జరిమానా గట్టిగానే ఉంటుంది.

ఓస్లో ఎస్ పక్కనే 2008లో తెరిచిన ఒపేరా హౌస్ ఉంది. దాని వాలు పైకప్పు మీదికి ఎవరైనా నడిచి వెళ్లొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు. తెల్లని పాలరాయి కాబట్టి వానలో, మంచులో జారుతుంది. మంచి బూట్లు వేసుకోండి. దాని ఎదురుగా 2020లో తెరిచిన డైష్‌మాన్ లైబ్రరీ ఉంది. చలి భరించలేకపోతే లోపలికి వెళ్లి హాయిగా కూర్చోండి. రాడ్‌హుస్, అంటే సిటీ హాల్ దగ్గరి రేవు నుంచి హొవెడోయా దీవికి పడవ వెళ్తుంది. అక్కడ 1147 నాటి క్రైస్తవ మఠం శిథిలాలున్నాయి. ఆ పడవకీ రూటర్ టికెట్టే! మన కిరాణా కావాలంటే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో గ్రోన్‌లాండ్ ఉంది, అక్కడ దక్షిణాసియా కొట్లు దొరుకుతాయి.

ట్రాలీ గురించీ ఒక మాట. చక్రాలు బాగున్నాయి కానీ రాళ్లు పరిచిన వీధుల్లో చప్పుడు ఎక్కువ. నా పాత బ్యాగుకున్న పెద్ద చక్రాలే నాకు ఇష్టం.

నా తీర్పు ఇదీ: మామూలు రైలు ఎక్కండి. తెల్లవారుజామున ఫ్లైట్ ఉండి, ఒక్క రైలు తప్పినా టెన్షన్ అనుకుంటే అప్పుడు మాత్రం ఫ్లైటోగెట్ తీసుకోండి. ప్లాట్‌ఫాం బోర్డు మీద ఓస్లో అని కాకుండా ద్రామెన్, కోంగ్స్‌బెర్గ్, షీయెన్ అని రైళ్లు చివరికి చేరే ఊళ్ల పేర్లు కనిపిస్తాయి. కంగారు పడకండి, అవన్నీ ఓస్లో ఎస్ మీదుగానే వెళ్తాయి. హోటల్ రాజభవనం వైపు ఉంటే ఓస్లో ఎస్‌లో దిగొద్దు, తర్వాతి స్టేషన్ నేషనల్‌టియాత్రెట్ మీకు దగ్గర.