పెరటి కంచెపై అడవినాభి

నమస్కారం. అగ్నిశిఖ అని కూడా పిలిచే అడవినాభిని కోనసీమ పెరట్లో ఎలా పెంచవచ్చో ఈ వీడియోలో చూపిస్తాను. ఇది తొలకరికి మొలిచి, వర్షాకాలమంతా పూసి, శీతకాలానికి తీగ ఎండిపోయినా దుంపగా భూమిలో నిలిచి, మరుసటి ఏడు మళ్ళీ చిగురించే మన దేశవాళీ మొక్క.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే. కాల్చిసిన్ అనే పదార్థం వల్ల దుంప ప్రాణాంతకం కూడా కావచ్చు. చిలగడదుంపగా పొరబడే అవకాశం ఉన్నందున పసిపిల్లలూ పశువులూ తిరిగే ఇంట్లో దీనిని పెంచవద్దనే నా సలహా. నాటేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి.

ఇదిగో, దుంపను గమనించండి. నాగలిని తలపించే ఈ ఆకారం వల్లనే సంస్కృతంలో దీనికి లాంగలి అనే పేరు వచ్చింది. మొలక ఈ రెండు కొమ్ముల చివరలనుంచే వస్తుంది కనుక, కొన విరిగితే ఆ వైపు మొలవదు. కంచెల వెంట ఉన్నవాటిని తవ్వి తేకుండా, కడియం వైపు నర్సరీలలో విచారించి కొనండి.

డెల్టాలో అసలు చిక్కు నీటితోనే. మొదటి ఏడాది నేను దుంపను నేరుగా నల్లమట్టిలో నాటితే, అది మొలకెత్తకుండానే కుళ్ళిపోయింది. అందుకే ఇప్పుడు సగం తోటమట్టి, సగం గోదావరి ఇసుక, గుప్పెడు చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున పెద్ద రంధ్రమున్న కుండీలో దుంపను అడ్డంగా పరిచి, పైన మూడు అంగుళాల మట్టి కప్పుతున్నాను.

ఆకుల కొనలే నులితీగలుగా మారి ఆధారాన్ని చుట్టుకుంటాయి. అవి లావు వెదురును పట్టుకోలేవు కనుక, సన్నని పుల్లలైనా కొబ్బరితాడైనా ఇవ్వండి. పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. దాని ఆరు రేకులూ పైకి మడిచుకుని, పసుపుపచ్చనుంచి రోజురోజుకూ ఎరుపెక్కుతాయి. ఆ మార్పు చూడడానికైనా కుండీని వీధి అరుగు పక్కనే పెట్టుకోవచ్చు, ఇంట్లో పిల్లలు లేకపోతేనే సుమా.

ఆకులు పండుబారుతున్నప్పుడు తీగను కోయకండి. వచ్చే ఏటి కొత్త దుంప ఆ ఆకుల బలంతోనే ఊరుతుంది. తీగ పూర్తిగా ఎండాక నీరు ఆపి, కుండీని చూరు కిందికి జరపండి. వేసవిలో కాలువలు కట్టేసి జూన్‌లో మళ్ళీ వదిలే వేళకు దానిని ఎండలోకి తెచ్చి, కొద్దిగా తడిపి, మొలక కనిపించాక మాత్రమే నీటిని పెంచండి.