బొమ్మ పోలేదు, వెనక లైటు పోయింది: ఫ్రీమాంట్‌లో మా ఇంటి టీవీ రిపేరు

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? టీవీలో మాటలు వినిపిస్తుంటాయి, బొమ్మ మాత్రం రాదు, తెరంతా నలుపే. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలా అయితే, టీవీని వదిలించుకునే ముందు ఈ వీడియో చూడండి. ఇక్కడ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, మా చుట్టుపక్కల వీధుల్లో ఇళ్ళ ముందు పెట్టేసిన పెద్ద పెద్ద టీవీలు కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో కొన్నిటికైనా తెర బాగానే ఉండి ఉంటుంది.

మాది 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ, 2018లో కొన్నాం. అత్తయ్యగారు సీరియల్ చూస్తుండగా తెర ఆరిపోయింది, డైలాగులు మాత్రం వస్తూనే ఉన్నాయి. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, ఇంటికొచ్చి చూడటానికే 120 డాలర్లు అన్నారు. ఆ పైన "కొత్తది కొనుక్కోవడమే మేలు" అని సలహా కూడా ఇచ్చారు.

కానీ ఇప్పుడు మా ఇంట్లో మామయ్యగారు ఉన్నారు. తెనాలిలో ఆయనకి రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. ఈ ఫ్లాట్ టీవీలు ఎక్కువగా ముట్టుకోలేదు గానీ, రోగం పట్టుకోవడం ఆయనకి చేతి విద్య. "అమ్మాయ్, సౌండ్ వస్తోందంటే సెట్టు బతికే ఉన్నట్టు. పిక్చర్ ట్యూబ్ టీవీలైతే ముందు ట్యూబ్ మెడ దగ్గర హీటర్ వెలుగుతోందా లేదా అని చూసేవాళ్ళం. దీనికి వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగారు.

అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉందండీ. ఎల్‌సీడీ తెరకి సొంతంగా వెలుగు ఉండదు. బొమ్మ ఆ గాజు మీద తయారవుతుంది, దాన్ని వెలిగించేది వెనకాల ఉండే బ్యాక్‌లైట్. ఎల్ఈడీ టీవీ అని మనం పిలిచేది కూడా ఎల్‌సీడీనే, వెనక లైట్లు ఎల్ఈడీలు, అంతే. ఓఎల్ఈడీ టీవీలు వేరు, వాటికి బ్యాక్‌లైటే ఉండదు కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది వాటికి పనికిరాదు.

హాల్లో లైట్లన్నీ ఆపేసి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చ్‌ని తెరకి బాగా దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. చూస్తున్నారు కదా, ఈ మూల చిన్నగా, మసగ్గా మెనూ అక్షరాలు కనపడుతున్నాయి! అంటే బొమ్మ వస్తోంది, వెలుగే లేదు. అలాగే ఆన్ చేయగానే ఒక్క క్షణం తెర వెలిగి ఆరిపోతున్నా అనుమానం బ్యాక్‌లైట్ మీదికే పోవాలి. ఎల్ఈడీల్లో తేడా కనిపెట్టి, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ తనంతట తానే కరెంటు ఆపేస్తుంది. టార్చ్ వేసినా ఏమీ కనపడకపోతే టీకాన్ బోర్డో (బొమ్మ సిగ్నల్‌ని తెరకి అందించేది), మెయిన్ బోర్డో, కేబులో, ప్యానెలో (అంటే బొమ్మ తయారయ్యే ఆ గాజు) చూడాలి. గాజు పగిలి ఉంటే మాత్రం ఆశ వదులుకోండి, ప్యానెల్ ధర దాదాపు టీవీ ధరంత ఉంటుంది.

ఇక విప్పడం. ఇక్కడ దయచేసి జాగ్రత్తగా వినండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పెద్ద టీవీల పవర్ బోర్డు దాన్ని లోపల 380, 400 వోల్టుల దాకా పెంచుతుంది. ప్లగ్ పీకేశాక కూడా ఆ బోర్డు మీద కరెంటుని నిల్వ చేసే పెద్ద కెపాసిటర్లో చార్జ్ నిలిచి ఉండొచ్చు. మామయ్యగారు ప్లగ్ తీయించి చాలాసేపు ఆగారు. తర్వాత మల్టీమీటర్ని డీసీలో పెట్టి కెపాసిటర్ కాళ్ళ దగ్గర వోల్టేజ్ చూశారు. అది దాదాపు సున్నాకి దిగాకే నన్ను దగ్గరికి రానిచ్చారు. మీటర్ పట్టుకోవడం అలవాటు లేనివాళ్ళు టార్చ్ పరీక్ష దగ్గరే ఆగి, మిగతాది తెలిసినవాళ్ళతో చేయించుకోండి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టే పని ప్యానెల్ ఎత్తడం. ఈ గాజు చూడండి, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంచున గోధుమ రంగులో పల్చటి రిబ్బన్లు వేలాడుతున్నాయి కదా, గాజుని బోర్డుకి కలిపేది ఇవే. ఒక్కటి చిరిగినా మనలాంటి వాళ్ళు అతికించలేరు, టీవీ పోయినట్టే. అందుకే ముందు కేబుళ్ళు విడదీసి, సక్షన్ కప్పులు అంటించి, మా ఆయన ఆ వైపు, నేను ఈ వైపు పట్టుకుని ఒకేసారి లేపి, దుప్పటి పరిచిన మంచం మీద పడుకోబెట్టాం. దాని కింద తెల్లటి షీట్లు ఉంటాయి. వెలుగుని తెరంతా సమానంగా పరిచేది అవే. ఏది ముందు, ఏది వెనక అనే వరస మారకూడదు. మేము ఒకే మూలన టేప్ ముక్కలు అంటించి నంబర్లు వేసుకున్నాం. చేతికి గ్లవ్స్ ఉండాలి, వేలిముద్ర పడితే తర్వాత తెర మీద మచ్చలా కనపడుతుంది.

షీట్లన్నీ తీస్తే ఇదిగో, ఎల్ఈడీ స్ట్రిప్పులు. ఒక్కో ఎల్ఈడీ మీద చిన్న గుండ్రటి లెన్స్. వినాయక చవితి పందిట్లో కట్టే సీరియల్ బల్బుల్లాగే వీటిని వరసగా కలుపుతారు, ఒకటి మాడితే ఆ వరసంతా ఆరిపోతుంది. మామయ్యగారు ఎల్ఈడీ టెస్టర్‌తో ఒక్కోటీ చూసుకుంటూ వచ్చారు. టెస్టర్ వైర్ల కొసలు చేత్తో ముట్టుకోకూడదు, వాటిలోనూ వోల్టేజ్ ఎక్కువే. అన్నీ తెల్లగా వెలుగుతున్నాయి, మధ్య స్ట్రిప్పులో ఒకటి మాత్రం వెలగలేదు. లెన్స్ ఊడదీసి చూస్తే పసుపు రంగు చిప్ మధ్యలో ఆవగింజంత నల్లటి మచ్చ. "ఇదేనమ్మా దొంగ" అన్నారు ఆయన. అంత పెద్ద టీవీని చీకటి చేసింది ఆ చుక్క!

ఆ ఒక్కటే మారిస్తే సరిపోదా అని మా ఆయన అడిగారు. మిగతావి కూడా అంతే వయసు, అంతే వేడి తిన్నవి. మళ్ళీ ఇంకోటి పోతే ఈ గాజుని మళ్ళీ ఎత్తాలి. అందుకే సెట్ మొత్తం తెప్పించాం, అది 46 డాలర్లు. ఆర్డర్ చేసేటప్పుడు టీవీ మోడల్ నంబర్ ఒక్కటే చూసి కొనకండి. ఒకే మోడల్లో వేరే వేరే ప్యానెళ్ళు వేస్తారు. స్ట్రిప్పు మీద అచ్చువేసిన నంబర్, పొడవు, ఎల్ఈడీల సంఖ్య సరిపోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పాత స్ట్రిప్పు చేతిలో పట్టుకుని కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇక్కడ రైట్ టు రిపేర్ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. షాపులకి అమ్మే హోల్‌సేల్ ధర 100 డాలర్లు, ఆ పైన ఉన్న టీవీల్లాంటి వాటికి, ఆ మోడల్ తయారీ ఆగిన తర్వాత ఏడేళ్ళ పాటు కంపెనీ విడి భాగాలు, సర్వీస్ మాన్యువల్ అందుబాటులో ఉంచాలి. 2021 జులై 1 నుంచి వచ్చిన మోడళ్ళకే కాబట్టి మాది అందులోకి రాదు. మీది వస్తుందేమో చూసుకోండి, అడిగే హక్కు మీకుంది.

కొత్త స్ట్రిప్పులు వేశాక, షీట్లు పెట్టకముందే టెస్టర్‌తో ఒకసారి అన్నీ వెలిగించి చూసుకోవాలి. మావన్నీ వెలిగాయి, బిగించేశాం. అత్తయ్యగారు రిమోట్ తీసుకుని మొదట భక్తి చానల్ పెట్టారు, ఆ తర్వాతే సీరియల్.

ఆన్ అవగానే నేను చేసిన మొదటి పని, సెట్టింగుల్లో బ్యాక్‌లైట్‌ని నూటి నుంచి యాభైకి తగ్గించడం. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ వేరు, బ్యాక్‌లైట్ వేరు, పేర్లు చూసి మార్చండి. ఎల్ఈడీలని తినేసేది వేడి. రాత్రిపూట హాల్లో చూడటానికి యాభై చాలు. మీ టీవీ బాగానే ఉన్నా ఈ మార్పు ఇవాళే చేసేయండి.

ఈ సంగతి తెలిసి మా పక్క వీధిలో ఉండే గుంటూరు వాళ్ళు మామయ్యగారిని పిలిచారు. వాళ్ళ టీవీలో తెర వెనక వెలుగు ఉంది, బొమ్మే లేదు. అంటే మాకు వచ్చినదానికి పూర్తిగా తిరగబడిన కేసు. టీకాన్ బోర్డు దగ్గర మొదలుపెడదాం అంటున్నారు ఆయన. శనివారం వెళ్తున్నాం, కెమెరా నాతోనే ఉంటుంది.