ఆడింది మోకాలు కాదు, మూడు పిక్స్!

ముందే చెప్పేస్తున్నాను, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దెబ్బ తగిలిన రూకీ క్వార్టర్‌బ్యాక్‌ని (అంటే మొదటి ఏడాదే ఆడుతూ, టీమ్ దాడిని నడిపించే కుర్రాణ్ణి) గ్రౌండ్‌లోకి దింపేది కోచ్ కాదు, డాక్టర్ కాదు, ఆ కుర్రాడి పౌరుషం అసలే కాదు. డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, వాడికోసం పెట్టిన ఖర్చు! ఆ ఒక్కో వంతునే పిక్ అంటారు.

నమ్మరా? 2013 జనవరి 6, ప్లేఆఫ్ (ఓడితే ఇంటికే), వాషింగ్టన్ మీద సియాటిల్. వాషింగ్టన్ రూకీ క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ అప్పటికే బ్రేస్ కట్టుకుని ఆడుతున్నాడు. అంతకు నెల ముందు బాల్టిమోర్ మ్యాచ్‌లో నాటా అనే కొండంత మనిషి వచ్చి తగిలితే కుడి మోకాలి లిగమెంట్ సాగింది. కాలేజీ రోజుల్లో, 2009లో, ఆపరేషన్ అయిందీ ఆ మోకాలికే. ఇచ్చిన రెస్ట్ ఎంతో తెలుసా? ఒక్క మ్యాచ్!

మొదటి క్వార్టర్‌లోనే మళ్ళీ కాలు బెణికింది. 14-0 ఆధిక్యం వచ్చింది, అంతే. ఆ తర్వాత వాషింగ్టన్‌కి ఒక్క పాయింట్ రాలేదు. స్టేడియం మొత్తానికి కుంటడం కనిపిస్తోంది, కోచ్ షానహాన్ గారికి తప్ప. నాలుగో క్వార్టర్‌లో స్నాప్ (ఆట మొదలుపెడుతూ క్వార్టర్‌బ్యాక్‌కి వెనక్కి అందించే బంతి) పక్కకి, కిందకి వచ్చింది. గ్రిఫిన్ వంగాడు, మోకాలు లోపలికి మడతపడింది, కూలబడ్డాడు. బంతి పక్కనే ఉన్నా చెయ్యి చాచలేకపోయాడు. మూడు రోజులకి డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ రెండు లిగమెంట్లు బాగు చేయాల్సి వచ్చింది.

ఆ గ్రౌండ్ గురించి వేరే వీడియో చేయాలండీ. గడ్డి తక్కువ, మట్టి ఎక్కువ. అదే మ్యాచ్‌లో సియాటిల్ ఆటగాడు క్లెమన్స్‌కి కూడా లిగమెంట్ తెగింది.

"అతనే ఆడతానన్నాడు కదా" అంటారు. ప్లేఆఫ్ రోజు 22 ఏళ్ళవాణ్ణి "కూర్చుంటావా నాయనా" అని అడిగితే ఎవడు సరే అంటాడు?

ఇప్పుడు అసలు పాయింట్. బెంచ్ మీద ఉన్నదెవరు? కర్క్ కజిన్స్. అదే డ్రాఫ్ట్‌లో, నాలుగో రౌండ్‌లో తెచ్చుకున్నవాడు. గ్రిఫిన్ ఆగిన ఆ ఒక్క మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ వెళ్ళి 38-21తో గెలిపించాడు. మరి దింపలేదేం? దింపి గెలిస్తే ఊరంతా అడుగుతుంది: గ్రిఫిన్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్, పైన ఒక సెకండ్ రౌండ్ పిక్ దేనికి తగలేశారయ్యా అని! ఆ ప్రశ్నకి భయపడే కుర్రాడి మోకాలు పణంగా పెట్టారు. నా థియరీ ఇదే, మార్చుకోను.

ఫలితం? 2013 సీజన్‌లో 3 గెలుపులు, 13 ఓటములు, షానహాన్ ఉద్యోగం పోయింది. రూకీ ఆఫ్ ది ఇయర్ గ్రిఫిన్ మళ్ళీ ఎప్పుడూ ప్లేఆఫ్ స్టార్ట్ చేయలేదు.

సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో పేరు ఎత్తకండి. రూకీగా ఉండగా 2020 నవంబరులో లిగమెంట్ తెగితే మిగిలిన సీజన్ అంతా ఆగాడు, నయమయ్యాక వచ్చి టీమ్‌ని ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి, తీసుకెళ్ళాడు. నయమయ్యేదాకా ఆపమనే నేను చెప్పేదీ!

ఇక 2025 నవంబరు. అదే టీమ్, అదే సియాటిల్. ఈసారి వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ డేనియల్స్ రూకీ కాదు, రెండో ఏడాది, ఒప్పుకుంటాను. కానీ 38-7తో ఓడిపోతున్న మ్యాచ్‌లో, నాలుగో క్వార్టర్‌లో ఇంకా వాణ్ణి ఉంచి మోచెయ్యి కీలు తప్పేదాకా తెచ్చారు! ఆష్‌బర్న్‌లో ఆ టీమ్ ఆఫీసు చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారుగా, మీరే కామెంట్‌లో చెప్పండి: 31 పాయింట్లు వెనకబడ్డాక బ్యాకప్‌ని ఎందుకు దింపలేదు?