పక్షవాతం తరువాత వచ్చే నిస్సత్తువ

సభకు నమస్కారం.

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు, వారిని కంటికి రెప్పలా చూసుకుంటున్న కుటుంబసభ్యులు ఈ సభలో ఎక్కువగా ఉన్నారు కనుక, స్కానింగులో కనబడకుండానే రోగిని రోజంతా వేధించే ఒక ఇబ్బంది గురించి మాట్లాడదలచుకున్నాను. కాలు ఈడ్చుకుంటే అందరికీ కనబడుతుంది, మాట తడబడితే అందరికీ వినబడుతుంది. స్నానం చేసి బట్టలు మార్చుకునేసరికే ఒంట్లోని సత్తువంతా ఎవరో తోడేసినట్లయి మళ్లీ మంచం చేరే మనిషిని మాత్రం, ‘నిన్న బాగానే తిరిగాడు కదా, ఇవాళ ఒళ్లు దాచుకుంటున్నాడు’ అనుకుంటారు. పునరావాస వైద్యంలో పనిచేస్తున్న నేను, ఆ మాట చెవిన పడిన రోగుల ముఖాలను చాలాసార్లు చూశాను. ఆ మాట తప్పని ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పనిచేసిన తరువాత వచ్చే బడలిక అందరికీ తెలిసిందే. రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి అది తీరిపోతుంది. నేను చెబుతున్న నిస్సత్తువ అలాంటిది కాదు. ఎంత పనిచేశామన్న దానితో పొంతన లేకుండా, కొన్నిసార్లు ఏ సూచనా ఇవ్వకుండా కమ్ముకొస్తుంది, నిద్రపోయి లేచినా పూర్తిగా వదలదు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఇది ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పక్షవాతం (స్ట్రోక్) స్వల్పంగా వచ్చి, చేయీ కాలూ పూర్తిగా స్వాధీనంలోకి వచ్చినవారిని కూడా ఇది వదలదు; కొందరిలో నెలలు, కొందరిలో ఏళ్లు ఉంటుంది. శరీరాన్నే కాదు, బుద్ధినీ ఇది పట్టుకుంటుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే, పక్కన టీవీ మోగుతుంటే, కాసేపటికే ఏదీ తలకెక్కకుండా పోతుంది.

ఎందుకిలా జరుగుతుందో వైద్యశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు గానీ, కొంత అర్థమయింది. శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. అందులో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు మిగిలిన భాగాలు కొత్త దారులు వెతుక్కుంటూ ఆ పనిని నెత్తినేసుకుంటాయి. ఒకప్పుడు ఆలోచించకుండానే సాగిన నడక, మాట, సంతకం ఇప్పుడు ప్రతి అడుగుకూ, ప్రతి అక్షరానికీ శ్రద్ధ పెడితే గాని సాగవు. బలహీనపడిన కాలితో నడవడానికి మామూలు నడక కంటే ఎక్కువ శక్తి పడుతుంది. అందుకే పైకి ఏమీ చేయనట్లు కనిపించే మనిషి లోపల చాలా శ్రమపడుతూ ఉంటాడు.

అలాగని ‘పక్షవాతం వచ్చింది కదా, నీరసం మామూలే’ అని సరిపెట్టుకోవడమూ పొరపాటే. దీనికి ఆజ్యం పోసేవాటిలో వైద్యంతో సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోపం, అదుపులో లేని మధుమేహం, గుండె బలహీనత వంటివాటికి పరీక్షలు ఉన్నాయి. గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా పక్షవాతం వచ్చినవారిలో చాలా ఎక్కువ. నిద్రలో జరిగేది రోగికి తెలియదు కాబట్టి, పక్కన పడుకునేవారే దాన్ని గమనించి డాక్టరుకు చెప్పాలి. మానసిక కుంగుబాటు ఈ నిస్సత్తువతో కలిసి ఉండవచ్చు, కానీ రెండూ ఒకటి కావు. కుంగుబాటు ఏమాత్రం లేనివారిలోనూ ఇది కనిపిస్తుంది. మూర్ఛ మందులు, కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్, కొన్ని బీపీ మందులు మత్తునో నీరసాన్నో కలిగించవచ్చు. వాటిని సొంతంగా ఆపేయకండి. మోతాదునో, వేసుకునే వేళనో మార్చగలరేమో డాక్టరును అడగండి.

నిస్సత్తువను నేరుగా తగ్గిస్తుందని గట్టిగా రుజువైన మందు ఇప్పటికి లేదు. నిద్రమత్తును తగ్గించే మోడాఫినిల్ అనే మందుపై 2017లో జరిగిన ఒక ప్రయోగం ఆశ కలిగించినా, అందులో పాల్గొన్నది 36 మందే. కాబట్టి ప్రస్తుతానికి మన చేతిలో ఉన్న ప్రధాన సాధనం, రోజును నడుపుకునే పద్ధతి.

ఒంట్లోని ఓపికను ప్రమిదలోని చమురు అనుకుంటే, ఆ రోజుకు పోసిన చమురెంతో ముందు తెలుసుకోవాలి. రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో ఏ పని ఎప్పుడు చేశారో, ఆ తరువాత ఎలా ఉందో రెండు ముక్కల్లో రాయండి. ఏ వేళ ఒంట్లో ఓపిక ఉంటుందో, ఏ పని దాన్ని హరిస్తుందో ఆ పుటల్లోనే బయటపడుతుంది. ఫిజియోథెరపీ, బ్యాంకు పని, ముఖ్యమైన సంభాషణ వంటివి ఓపిక ఉన్న వేళకు మార్చుకోండి. అన్నిటికంటే కష్టమైనది, ఒంట్లో బాగున్న రోజున ఆగడం. వారం రోజులుగా పేరుకున్న పనులన్నీ ఆ ఒక్కరోజే ముగించి, తరువాత మూడు రోజులు మంచం దిగలేనివారు నా దగ్గరకు ఎంతోమంది వస్తారు. అలిసిపోయాక పడుకోవడం కాకుండా, అలసట రాకముందే పని మధ్యలో పది నిమిషాలు ఆగాలి. పగటి నిద్ర అవసరమైతే అరగంట లోపే, మధ్యాహ్నం మూడు దాటకముందే ముగించండి. లేకపోతే రాత్రి నిద్ర చెడుతుంది.

విశ్రాంతి పేరుతో పూర్తిగా కదలడం మానేస్తే కండరాలు మరింత క్షీణించి నిస్సత్తువ పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆలోచనా సరళిని సరిదిద్దే చికిత్సకు కొద్దికొద్దిగా పెంచే వ్యాయామాన్ని జోడించి 12 వారాలు ఇచ్చినవారిలో, ఆ చికిత్స ఒక్కటే పొందినవారి కంటే మెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఎంతతో మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. ఇంకొక హెచ్చరిక: నీరసంతో పాటు హఠాత్తుగా మూతి వంకర పోయినా, చేయి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, అది మరో స్ట్రోక్ కావచ్చు, విశ్రాంతి తీసుకుంటూ వేచి చూడక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

చివరగా కుటుంబసభ్యులతో ఒక మాట. పరామర్శకు వచ్చేవారిని ఒకరి తరువాత ఒకరుగా, కాసేపే ఉండేలా చూడండి. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి. రోగి సగం అన్నం తిని చెంచా పక్కన పెట్టినప్పుడు, ‘తినవేం’ అని గద్దించకుండా కాసేపు ఆగి మళ్లీ అందించండి. తినడానికి కూడా ఓపిక కావాలి.