వీర్ దాస్ కెరీర్ రివ్యూ: సినిమా కంటే స్టేజీ మీదే ఎందుకు బాగుంటాడు?

వీర్ దాస్ అనగానే మన హైదరాబాద్‌లో చాలామంది "గో గోవా గాన్‌లో ఉంటాడు కదా, అతనేనా" అంటారు. 2013లో వచ్చిన ఆ జాంబీ కామెడీ నాకూ ఇష్టమే, పైగా తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతి ఎస్వీయూలో ఇంజినీరింగ్ చదివిన మనవాళ్లు. కానీ వీర్ దాస్ అసలు స్టాండప్ కమెడియన్, అంటే స్టేజీ మీద ఒక్కడే నిలబడి మాటలతో నవ్వించేవాడు. అతన్ని సినిమాతో ఆపేస్తే అతని అసలు పని మీరు చూడనట్టే.

అతని బలం ఏంటో ముందే చెప్పేస్తా. గ్యాప్. ఒక మాట అని ఆగుతాడు, జనం నవ్వాలా వద్దా అని ఆలోచిస్తుండగా ఇంకో అర సెకను ఆగుతాడు, అప్పుడు పంచ్ వేస్తాడు. సినిమాలో ఆ ఆగడం నటుడి చేతిలో ఉండదు, ఎడిటర్ చేతిలో ఉంటుంది. 2011లో ఢిల్లీ బెల్లీ చూడండి, కార్టూనిస్ట్ అరూప్‌గా బాగా చేశాడు, కాదనను. కానీ అక్కడ నవ్వంతా కథలోంచి, కంగారులోంచి పుడుతుంది. అతని టైమింగ్‌లో సగం కూడా వాడుకోలేదనిపిస్తుంది నాకు. 2019లో అమెరికాలో విస్కీ కావెలియర్ అనే సీరియల్ కూడా చేశాడు, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు.

పుట్టింది డెహ్రాడూన్, చిన్నతనం నైజీరియాలోని లాగోస్‌లో, తర్వాత ఇక్కడ బోర్డింగ్ స్కూలు, ఆపైన అమెరికాలో నాక్స్ కాలేజీ. ఏ ఊళ్లో ఉన్నా కొంచెం బయటివాడిగానే ఉన్నాడు, ఆ చూపే అతని కామెడీ అయింది. 2017లో వచ్చిన అబ్రాడ్ అండర్‌స్టాండింగ్ అనే స్టాండప్ షోలో న్యూయార్క్ షో, ఢిల్లీ షో రెండూ కలిపి చూపిస్తాడు, ఇక్కడ ఒక మాట, అక్కడ దాని తర్వాతి మాట. మనలో ఎవరైనా అమీర్‌పేటలో ఒకలా, అమెరికాలో ఉన్న అన్నయ్యతో ఫోన్లో ఒకలా మాట్లాడతాం కదా, వీర్ దాస్ ఆ రెండు గొంతులనీ ఒకే గంటలో పెట్టాడు.

2020లో వచ్చిన ఫర్ ఇండియా అనే షో మాత్రం నన్ను అంతగా పట్టుకోలేదు. వేదాల నుంచి వాస్కో డ గామా దాకా అన్నీ ముట్టుకున్నాడు, చాలాచోట్ల "అవును, ఇది మాకూ తెలుసు" అనిపించి నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇక 2021 నవంబర్. వాషింగ్టన్ కెన్నెడీ సెంటర్‌లో షో చివర, మన దేశంలోని వైరుధ్యాల మీద "నేను రెండు ఇండియాల నుంచి వచ్చాను" అంటూ ఒక ముక్క చదివాడు. దాని మీద గొడవ మన దేశంలో పోలీసు ఫిర్యాదుల దాకా వెళ్లింది. మీరు ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, ఒక్కసారి పూర్తిగా వినండి, ఎందుకంటే అందులో జోకులకంటే లయ ఎక్కువ, ఒకే రకమైన వాక్యం మళ్లీ మళ్లీ తిప్పుతూ ప్రతిసారీ బరువు పెంచుతాడు. ఊళ్లు తిరిగే కమెడియన్‌కి ఇలాంటి గొడవ అంటే నేరుగా షో మీద దెబ్బ. 2022 ఆగస్టులో శిల్పకళా వేదికలో మరో స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీ షో ఎంత పోలీసు బందోబస్తు మధ్య జరిగిందో మనకి తెలుసు. అదే ఏడాది నవంబర్‌లో వీర్ దాస్ బెంగళూరు షో నిరసనల వల్ల ఆగిపోయింది.

ఇంత జరిగాక 2022 డిసెంబర్‌లో ల్యాండింగ్ అనే షో వచ్చింది. నా దృష్టిలో అతని బెస్ట్ ఇదే. ఆ గొడవనే తీసుకున్నాడు, కానీ ఎవరి మీదా కక్ష తీర్చుకోలేదు, ఇల్లు అంటే ఏంటి, ఎక్కడివాణ్ణి అనేదాకా వెళ్లాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా గొంతు పట్టేస్తుంది. 2023లో దీనికే కామెడీ విభాగంలో ఇంటర్నేషనల్ ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది, డెర్రీ గర్ల్స్ అనే బ్రిటిష్ కామెడీ సీరియల్‌తో కలిపి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ వేడుకకి హోస్ట్ కూడా అతనే.

2025లో వచ్చిన ఫూల్ వాల్యూమ్ షో ముంబై, లండన్, న్యూయార్క్ మూడుచోట్లా తీసింది. షూటింగ్ దగ్గరపడ్డాక గొంతు పోయి కొన్ని వారాలు మాట్లాడకుండా ఉండాల్సొచ్చిందట, ఆ మౌనమే షోకి విషయమైంది. అంతసేపు ఆగడం తెలిసినవాడికి అది సరిపోయింది.

నాకున్న కోరిక ఒకటుంది. మన దగ్గర స్టేజీ మీద కాస్త పేరొచ్చిన వెంటనే హీరో ఫ్రెండ్ పాత్ర వస్తుంది, మనిషి స్టేజీకి దూరమైపోతాడు. స్టాండప్‌లో ఒక గంట తయారవ్వాలంటే ఓపెన్ మైక్‌లో (ఎవరైనా ఎక్కి ట్రై చేసే స్టేజీ) ఐదు నిమిషాలు, తర్వాత ట్రయల్ షోలు, తర్వాత ఊరూరా అవే జోకుల వరుసని చెక్కడం, ఇదంతా కావాలి. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్‌లో తెలుగులో ట్రై చేస్తున్న పిల్లలకి వరంగల్, విజయవాడ, వైజాగ్‌లో కూడా టికెట్ కొనే జనం కావాలి. దయచేసి వెళ్లండి, ఫ్రీ పాస్ అడగకండి.

మొదలుపెట్టేవాళ్లు ముందు ల్యాండింగ్ చూడండి, తర్వాత అబ్రాడ్ అండర్‌స్టాండింగ్. ఇంగ్లిష్ స్పీడ్‌గా ఉంటుంది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బూతులున్నాయి, చిన్నపిల్లలు పడుకున్నాకే పెట్టండి.